చేతివాటం ఉన్న మనిషి

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకల్లా మేం ముగ్గురం మా వీధి మూలనున్న పబ్బులో ఉండేవాళ్ళం. మందు కోసం వెళ్తున్నామని లోకం అనుకునేది, మా ఆవిడతో సహా. నిజానికి మేం వెళ్ళింది పళ్ళు చూడ్డానికి.

మాది పళ్ళు తయారుచేసే ల్యాబు. డాక్టర్లు పేషెంటు నోటికి అచ్చు తీసి, ఒక చీటీ రాసి పంపుతారు. మేం ఆ అచ్చుకి సరిపోయే పన్ను చేసి తిరిగి పంపుతాం. అది ఎవరి నోట్లో కూర్చుందో, ఎలా కుదిరిందో మాకు తెలియదు. వంట మాది, తినేది ఎవరో. అందుకే పబ్బు. ఆఫీసులో పెదవులు బిగించి తిరిగేవాళ్ళు కూడా రెండో గ్లాసుకి నోరంతా తెరిచి నవ్వుతారు. పక్క బల్ల దగ్గర ఎవరైనా అలా నవ్వగానే మాలో ఒకడు మెల్లగా అడిగేవాడు: "పుట్టిందా, పెట్టిందా?" అంటే ఆ ముందు పన్ను నోట్లో పుట్టిందా, ఎవరో చేసి పెట్టిందా అని. ముగ్గురం తలో మాటా చెప్పాలి. ఆ బల్ల పక్కగా నడిచి, దగ్గర్నుంచి చూసొచ్చి తీర్పు చెప్పేది మాత్రం బావ. తప్పు చెప్పినవాడు లేచి కౌంటరు దాకా వెళ్ళి వేయించిన బంగాళాదుంపల ప్లేటు పట్టుకురావాలి. తొమ్మిదేళ్ళలో బావ ఆ ప్లేటు మోసింది రెండుసార్లే.

బావ నాకు చుట్టమేమీ కాదు. నేను ల్యాబులో చేరిన రోజున, మైనంతో పన్ను చెక్కలేక చెమటలు కక్కుతుంటే వెనకనుంచి వచ్చి, "ఇది పన్నా, చెప్పు అడుగున మేకా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తిక్క రేగి, "మా అక్కని చేసుకున్నట్టు మాట్లాడతావేంటి?" అన్నాను. "సరే అయితే, ఇవాళ్టి నుంచి నేను బావని, నువ్వు బావమరిదివి" అన్నాడు. అంతే, అతికిపోయింది. వాళ్ళావిడ నాకు అక్కయ్య అయింది. నేను పోతే అన్నం పెట్టకుండా పంపేది కాదు. మూడోవాడు సున్నం. అచ్చుల్లో సుద్ద పోసే పని వాడిది కాబట్టి కనుబొమ్మల దాకా తెల్లగా ఉండేవాడు. వాడి నోటికి హద్దూ పద్దూ లేదు. ఏ మాట ఎక్కడ వాడాలో తెలియక నెలకోసారి ఎవరో ఒకరి చేత తిట్లు తినేవాడు.

నా ముందు పన్ను పోయింది ఆ పబ్బులోనే, సున్నం చేతిలోనే. మూడేళ్ళ క్రితం, వాడు ఏదో కథ చెబుతూ చెయ్యి విసిరాడు, వాడి మోచెయ్యి నా గ్లాసుకి తగిలింది, గ్లాసు అంచు నా పంటికి తగిలింది. సగం పన్ను బీరులోకి రాలింది. పళ్ళు చేసేవాడి నోట్లో పన్ను లేకపోతే ఎలా ఉంటుంది? క్షవరం చేసేవాడి తలలో పేలున్నట్టు ఉంటుంది. డాక్టరు చీటీకి, వంతుకి నెల పైన పడుతుందన్నారు. బావ ఆదివారం నాకోసం ల్యాబు తెరిచాడు. చీటీ లేకుండా పన్ను చెయ్యకూడదన్నది అక్కడ మొదటి నియమం. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

రెండు ఆదివారాలు కూర్చుని చేశాడు. పింగాణీ పొడిని తడిపి, కుంచె కొనతో పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి, మళ్ళీ వేసి. అంతా అయ్యాక సన్నటి కుంచె తీసి, వెంట్రుక కన్నా సన్నగా పంటికి నిలువునా ఒక పగులు గీశాడు. చిగురు దగ్గర కాస్త పసుపు, మూలన టీ మరక.

"ఇదేంటి బావా, కొత్త పన్నుకి పగులు పెడతావేంటి?" అన్నాను.

"మరీ బాగుంటే అబద్ధమని తెలిసిపోతుందిరా. ఎక్కడో ఒక లోపం ఉంటేనే నీదంటారు."

తెలిసిన డాక్టరు చేత పెట్టించాడు. ఆ శుక్రవారం నేను నవ్వితే సున్నం ఏది పాతదో ఏది కొత్తదో చెప్పలేక ప్లేటు మోశాడు. ఆ నెలంతా పుట్టింట్లో ఉన్న మా ఆవిడకి ఈనాటికీ తెలియదు. ఇదీ నా నోటి చరిత్ర.

ఇక అసలు సంగతికొస్తాను. ఈ వసంతంలో మా పెద్ద టెక్నీషియన్ రిటైరయ్యాడు. ఆ పదవితో పాటు ఉత్తరం కిటికీ పక్క బల్ల వస్తుంది. ల్యాబు మొత్తానికి పగటి వెలుతురు నేరుగా పడే చోటు అదొక్కటే. మిగతావాళ్ళందరం ట్యూబులైట్ల కింద. పంటి తెలుపులో పదహారు రకాలుంటాయి, వాటిని విడదీసి చూడగలిగితేనే మా పని. బావ కళ్ళకి ఏడాదిగా ట్యూబులైటు పడటం లేదు. మధ్యాహ్నం దాటేసరికి తెలుపులన్నీ కలిసిపోయి ఒకటే ముద్దగా కనబడుతున్నాయట. పగటి వెలుతురులో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఈ మాట ఆయన నాకొక్కడికే చెప్పాడు, అదీ పబ్బులోనే.

"కిటికీ దొరికితే ఇంకో పదేళ్ళు లాగేస్తాను. దొరక్కపోతే రంగు తప్పిన పళ్ళు తిరిగొస్తాయి. ఆర్నెల్లలో ఇంటికే" అన్నాడు. తర్వాత గ్లాసు ఎత్తి, "దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు కదా. నాకేం భయం?" అని నవ్వాడు.

నేనూ గ్లాసెత్తాను. బతుకు కోరే మొహం పెట్టుకుని తాగాను. నిజం చెప్పొద్దూ, ఆ కిటికీ నాకూ కావాలి. తొమ్మిదేళ్ళుగా నన్ను అందరూ "బావగారి బావమరిది" అనే పిలుస్తున్నారు. నేను ఎంత బాగా చెక్కినా "ఎవరు నేర్పారో చూడండి" అంటారు. ఆ మెచ్చుకోలు కూడా ఆయన ఖాతాలోకే పోతుంది. మనిషి మీద ప్రేమ ఉంటే అసూయ ఉండదని ఎవరన్నారో గానీ, వాళ్ళకి బావ లేడన్నమాట.

రిటైరైనవాడి స్థానంలో ఎవరిని పెట్టాలో తేల్చేది మేనేజరు మేడం. ఆవిడ వచ్చి మూడు నెలలే అయింది. స్టోరు లెక్కలో పింగాణీ పొడి పెట్టెలు నాలుగు తక్కువొచ్చాయని పైవాళ్ళు ఆవిడని పంపారు. పళ్ళ పని ఆవిడకి తెలియదు. మనుషుల్ని చదవడం తెలుసని చెప్పుకునేది. ఒక శుక్రవారం, "మీ బల్లకి నన్నూ పిలవరా?" అని తనే అడిగి మాతో పబ్బుకి వచ్చింది.

ఆ సాయంత్రం పబ్బు కిటకిటలాడుతోంది. గోడ మీద టీవీలో ఏదో మ్యాచు. బల్ల మీద మాకంటే ముందు కూర్చున్నవాళ్ళెవరో ఒలికించిన బీరు ఇంకా జిగటగా ఉంది. మేడం నిమ్మరసం కలిపిన సోడా చెప్పుకుంది. మా ఆట నేర్పాము. మొదటి పందెంలోనే ఆవిడా బావా ఎదురుపడ్డారు, ఆవిడ గెలిచింది. బావ కావాలని ఓడాడని నాకు తెలుసు. లేచి బంగాళాదుంపల కోసం కౌంటరుకి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే మేడం నా వైపు వంగి, "ఆయన గురించి మీరు చెప్పాలి. మీకంటే బాగా ఎవరికీ తెలియదట కదా. ఎలాంటి మనిషి?" అంది.

మా తాతయ్య వడ్రంగి. మంచి పనివాణ్ణి చూస్తే ఆయన అనే మాట ఒకటే: "వాడికి చేతివాటం ఉందిరా." ఉలి పడితే చెక్క మాట వింటుందని ఆయన ఉద్దేశం. నేను చిన్నప్పుడు ఆ మాట విని విని, మెచ్చుకోవడానికి అంతకంటే పెద్ద మాట లేదనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నా నోట్లోంచి అదే ఊడిపడింది.

"ఆయనకి చేతివాటం ఉందండీ."

మేడం చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఇప్పుడు ఆ మాట మెచ్చుకోడానికి ఎవరు వాడుతున్నారు? ఇప్పుడు చేతివాటమంటే దొంగతనం. పేపర్లో చూసినా అంతే, వీధిలో విన్నా అంతే. నాలుగు పెట్టెలు పోయిన చోట, ఆ పెట్టెల కోసమే వచ్చిన మనిషి ముందు నేను ఆ మాటన్నాను.

"అంటే?" అంది మేడం.

సున్నం బీరు తాగడం ఆపి నన్ను చూస్తున్నాడు. ఇక్కడ నేను చెప్పాల్సింది మూడే మాటలు: అంటే మంచి పనితనమండీ, అని. నోటి చివరే ఉన్నాయి. ఆ క్షణంలో నాకు ఉత్తరం కిటికీ కనబడింది, దాని కింద బల్ల కనబడింది, ఆ బల్ల ముందు నేను కనబడ్డాను. మొదట అన్నది పొరపాటే, ఒట్టు. తర్వాత ఊరుకున్నది పొరపాటు కాదు.

నేను నవ్వాను. "ఏముందండీ, మీకు తెలియనిదా?" అన్నాను.

ఇంతలో బావ పొగలు కక్కే ప్లేటు తెచ్చి మేడం ముందు పెట్టి, "వేడిగా ఉన్నాయి, నెమ్మదిగా. పళ్ళు కాల్చుకుంటే మా దగ్గరికే రావాలి" అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

సోమవారం పదింటికి బావని అద్దాల గదిలోకి పిలిచారు. నా బల్ల నుంచి ఆయన వీపు కనిపిస్తోంది. మధ్యలో ఒకసారి చేతులు రెండూ చాపి చూపించాడు, ఏమీ లేవన్నట్టు. అరగంటకి బయటికొచ్చి, తన సొరుగు తెరిచి, మైనం కత్తి, కుంచెలు ఒక గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. నేను లేచి వెళ్ళాను.

"ఏమైంది బావా?"

"పెట్టెల సంగతి అడిగింది. నాకు తెలియదన్నాను. నమ్మలేదు. పోనీ ఇన్నేళ్ళలో చీటీ లేకుండా ఒక్క వస్తువైనా బయటికి పంపారా అంది. ఒక్క పన్ను, అన్నాను."

"ఎందుకన్నావు? లేదని చెప్పొచ్చు కదా!"

"అబద్ధాలు చేత్తో చేస్తాను గానీ నోటితో చేతకాదురా" అన్నాడు. "ఎవరికి చేశావని అడిగింది. చెప్పలేదు. చెబితే నీ ఉద్యోగం కూడా పోతుంది. నోట్లోది నోట్లోనే ఉండనీ."

కుంచెలు చుట్టిన గుడ్డకి ముడి వేస్తూ, "నాకు చేతివాటం ఉందని ఎవరో చెప్పారట. పేరు చెప్పలేదు. సున్నం అయ్యుంటాడు. వెధవకి ఏ మాటకి ఏ అర్థమో తెలియదు. పాపం వాణ్ణేమీ అనకు" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. సున్నాన్నీ అనలేదు, నన్నూ అనుకోలేదు. ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేను కూర్చుని ఆ రోజు పని పూర్తిచేశాను. చెయ్యి వణకలేదు కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ శుక్రవారం సున్నం పబ్బుకి వచ్చాడు గానీ నా బల్ల దగ్గరికి రాలేదు. కౌంటరు దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. నేనే వెళ్ళాను.

"నువ్వు విన్నదేంటంటే..." అన్నాను.

"నేను విన్నది నేను విన్నాను" అన్నాడు సున్నం. "నీ నోట్లో పన్నెవరు చేశారో కూడా నాకు తెలుసు, విరగ్గొట్టింది నేనే కాబట్టి. నేను చెబితే చాడీ అంటారు. నాకు మాట్లాడటం రాదు, అడ్డంగా ఏదో అనేస్తాను, ఆయనకే ఇంకా చెడు జరుగుతుంది. నువ్వు వెళ్ళి చెప్పు. చెప్పేదాకా నీతో కూర్చోను."

చెబుతాననే అన్నాను. రెండు వారాల తర్వాత నాకు ఉత్తరం కిటికీ ఇచ్చారు.

ఆ వెలుతురు ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. పదహారు తెలుపులూ పదహారు మంది మనుషుల్లా విడివిడిగా నిలబడతాయి. మొదటిరోజు నాకు ఏడుపొచ్చింది. ఆనందంతోనని పక్కవాళ్ళు అనుకున్నారు.

బావకి ఏదో కట్టుడు పళ్ళ కొట్లో పని దొరికిందని తెలిసింది. నేలమాళిగ. పగలూ రాత్రీ ఒకటే ట్యూబులైటు. నెల తిరగకుండా అక్కయ్య ఫోను చేసింది.

"తమ్ముడూ, ఆయన చేసినవి వెనక్కొస్తున్నాయి. రంగు కలవలేదంటున్నారట. నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. మీ మేడం దగ్గర నీ మాట చెల్లుతుందంటున్నారు. ఆయన అలాంటి మనిషి కాదని ఒక్క మాట చెప్పవూ? నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

సరిగ్గా మేడం అన్న మాటే. నీకంటే బాగా ఎవరికి తెలుసు.

"శుక్రవారం పబ్బుకి వస్తారక్కయ్యా మేడం. తీరిగ్గా ఉంటారు. తప్పకుండా చెబుతాను" అన్నాను.

"నీ ఋణం ఉంచుకోంలే" అని నవ్వే ప్రయత్నం చేసింది. "ఆయన అప్పుడే చెప్పారు, బావమరిది చూస్తూ ఊరుకోడని."

ఆ శుక్రవారం నిజంగా చెబుదామనే వెళ్ళాను. నమ్మితే నమ్మండి. దారిలో మాటలు కూడబలుక్కున్నాను: నేనన్నది పనితనం గురించి, ఆ పన్ను నాది, తప్పు నాది. ఆగి ఉన్న బండి అద్దంలో చూసుకుంటూ రెండుసార్లు వల్లించాను కూడా. పబ్బులో సున్నం తన స్టూలు మీద ఉన్నాడు. నేను వాడికి తలూపాను. వాడూ తలూపాడు, నెలన్నరలో మొదటిసారి.

మేడం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. మొహం అదోలా ఉంది.

"ఆ పెట్టెలు దొరికాయండీ" అంది నేను కూర్చోగానే. "మన ఇంకో బ్రాంచి స్టోరులో ఉన్నాయి. దింపినవాళ్ళు చిరునామా పొరపాటు పడ్డారట. ఎవరూ దొంగిలించలేదు."

దేవుడే దారి చూపించాడనుకున్నాను. "అయితే ఆయన..."

"అదే ఆలోచిస్తున్నాను. పెట్టెల విషయంలో ఆయన తప్పేం లేదు. కానీ ఆ ఒక్క పన్ను ఒప్పుకున్నారుగా. బయట అమ్ముకున్నారా, ఎవరికైనా సాయం చేశారా తెలియాలి. మన ల్యాబు మనిషికే సాయంగా చేశారని తేలితే వెంటనే వెనక్కి తీసుకోవచ్చు, పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను. చేయించుకున్నవాడు మాత్రం ఇంటికెళ్ళాల్సిందే. వాడి కోసం ఒకడు రోడ్డున పడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాడు కదా. పైగా ఆయన వస్తే ఆ కిటికీ..." అని ఆగి, "సరే, మీకు ఇంకో బల్ల చూడాలి. ఆ మాట తర్వాత" అంది.

సంగీతం పెద్దగా ఉంది. పక్క బల్ల దగ్గర ఎవరో పగలబడి నవ్వారు. నేను కూడబలుక్కున్న మాటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నోరు తెరిచాను.

ఆవిడ నా నోటివైపే చూస్తోంది. హఠాత్తుగా చూపుడువేలు ఎత్తి నవ్వింది. "ఆగండాగండి. మీ మీద ఎప్పుడూ ఆడలేదు మనం! ఆ ముందు పన్ను. పుట్టిందా, పెట్టిందా? నేనంటాను, పెట్టిందే."

పని తెలియని మనిషి. ఊరికే, గుడ్డిగా వేసింది రాయి. నేరుగా వచ్చి తగిలింది. తొమ్మిదేళ్ళు పళ్ళు చూసినవాళ్ళు చెప్పలేనిది ఆవిడ చెప్పింది. అవునండీ అంటే చాలు. మూడు మాటలు కూడా అక్కర్లేదు, ఈసారి ఒక్కటే. అక్కయ్య అడిగిన ఒక్క మాట.

"పుట్టిందేనండీ" అన్నాను.

"నిజంగా?" ఆవిడ బల్ల మీదికి వంగి దగ్గరగా చూసింది. బావ చేత్తో వేసిన తెలుపుని, చిగురు దగ్గర పసుపుని, మూలన టీ మరకని చూసింది. తర్వాత వెనక్కి వాలి, "అవును, నిజమే. పగులు కూడా ఉంది. చేసిపెట్టిన పన్నుకి పగులెవరు పెడతారు?" అంది.

"ఎవరూ పెట్టరండీ."

"ఓడిపోయాను" అని మేడం లేచింది. ఆటలో నియమం నియమమే కాబట్టి ప్లేటు తేవడానికి కౌంటరుకి వెళ్ళి, సున్నం పక్కనే నిలబడి బంగాళాదుంపలు చెప్పింది. నా జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎవరో చూడక్కర్లేదు. సున్నం స్టూలు మీద నుంచే తల తిప్పి, చెప్పావా అన్నట్టు నా వైపు చూశాడు. నేను అలవాటు కొద్దీ నవ్వాను, పళ్ళన్నీ కనిపించేలా. వాడు సగం తాగిన గ్లాసు అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.